ఎర్ర ఊలు దారం చివర

మామయ్య తను పడుకునే ఊయల తీసుకుపోయి షెడ్డులో పికో పక్కన కట్టుకున్నప్పటి నుంచి మా వీధిలో పాట లేదు.

ఉప్పుమడుల పేటకి ఇది అలవాటు లేని సంగతి. పొద్దున్నే చేపల బళ్ళు రాకముందే మామయ్య పికో మీట నొక్కేవారు. మనిషికి రెండింతల ఎత్తున్న ఆ పాటలపెట్టె గొంతు విప్పితే మా గూట్లో గిన్నెలు గజ్జెల్లా మోగేవి. పెట్టె ముందుభాగమంతా రెండు జడల ఆడపిల్ల బొమ్మ, తెల్ల గౌను, పైన మెరుపు రంగుల్లో పేరు: లా కొన్సెంతీదా, గారాలపట్టి. నలుగురు మగపిల్లల తర్వాత పుడుతుందనుకుని, పుట్టని కూతురి కోసం మామయ్య వేయించిన బొమ్మ అది.

ఇప్పుడా పిల్ల మొహాన టార్పాలిన్ కప్పి ఉంది.

వంటింట్లో అత్తయ్య కొబ్బరి తురుముతోంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. పెళ్ళయిన ఈ నాలుగు నెలల్లో ఆ వంటింట్లో నాకంటూ ఒక తోలు ముక్కాలిపీట ఏర్పడింది. ఇవాళ దాని మీద యూకా దుంపల బుట్ట కూర్చుంది.

"అత్తయ్యా, నేను తురమనా?"

అత్తయ్య తల ఎత్తలేదు. పొయ్యి మీది మూకుడుతో అంది: "విన్నావా? తురుముతుందట. నువ్వు జాగ్రత్తగా ఉండు. నీ అడుగు మాడిందని కూడా రాసి గోడకి అంటిస్తుంది."

"తప్పు నాదే అత్తయ్యా. నేను..."

"ఇవాళ నూనె పీల్చేస్తున్నావేం?" అంది అత్తయ్య, మళ్ళీ మూకుడుతోనే.

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది. నేనొక విచిత్రమైన మనిషిని. ఇల్లు ఇలా కూలిపోతుంటే కూడా, వేగుతున్న గుడ్డు అరేపా రొట్టె వాసనకి నా ప్రాణం లేచొస్తుంది. కిటికీలోంచి మా ఆయన విల్‌ఫ్రీదో చొక్కా లేకుండా పికో తీగలు చుట్టుకుంటూ కనిపిస్తే గుండె గంతేస్తుంది. కొత్త పెళ్ళికూతురికి బాధపడటం కూడా సరిగ్గా చేతకాదు కాబోలు.

అంతలో పెరటి తలుపు తోసుకుని దిలియా వచ్చింది. విల్‌ఫ్రీదోకి బాప్తిస్మం నాడు జ్ఞానతల్లిగా నిలబడ్డ మనిషి. అందుకని ఆమె, మా అత్తయ్య ఒబ్దూలియా ఒకరినొకరు 'కొమాయ్' అనే పిలుచుకుంటారు.

"కొమాయ్! నా కాపురం కూడా కూల్చేశావు కదే!" అంది వస్తూనే. "మా ఆయన నిన్నట్నుంచి నా వెంటపడ్డాడు. ఒబ్దూలియాతో బర్రాంకియా వెళ్ళావే, నువ్వేం తీయించుకున్నావు చెప్పు అని. నాకేం తీస్తారే? నీకు కోడిపులుసు మోసుకొచ్చిన పాపానికి!"

"పులుసు కూడా ఉప్పగా ఉంది," అంది అత్తయ్య.

"ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడా చెప్పేది?" దిలియా నడుం మీద చెయ్యి వేసుకుని నావైపు తిరిగింది. "ఓహో, సేన్యో మరెల్విస్ గారు కూడా ఇక్కడే ఉన్నారా? చదువుకున్నవారు. ఇప్పుడు ఏ డ్యూటీలో ఉన్నారమ్మా, సర్వేనా, కాపురమా?"

ఏం చెప్పినా రెండూ అనే అర్థం వస్తుంది. రెండూ కావడమే కదా జరిగిన అనర్థం.

*

శనివారం బడి హాల్లో జరిగింది ఇది.

మా యూనివర్సిటీ వాళ్ళు ఏడాదిగా ఈ ఊళ్ళో జనాభా మీద పరిశోధన చేస్తున్నారు. ఎంతమంది పుడుతున్నారు, ఎంతమంది వలస పోతున్నారు, ఏ ఇంట్లో పిల్లలు ఎందరి దగ్గర ఆగారు. రాజధాని బొగొతా నుంచి వచ్చిన హిమేనాది లెక్కల పని. ఇల్లిల్లూ తిరిగి అందరినీ అవే ప్రశ్నలు అడుగుతుంది. నాది కూర్చుని మాట్లాడే పని. ప్రశ్నలు లేకుండా, కాఫీతో, ఎంతసేపైనా. పని చివర ఆ రెంటినీ కలిపి, తెలిసినది ఊరికే తిరిగి అప్పజెప్పాలి. అది మా పద్ధతి. ఊరి మాట తీసుకుని పారిపోకూడదు.

ఒక లెక్క తెగక హిమేనా చాలా వారాలు బుర్ర బద్దలు కొట్టుకుంది. మా అత్తయ్య వయసు ఆడవాళ్ళలో కొందరికి కాన్పులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఏం చేశారని అడిగితే ఏమీ చేయలేదంటారు. "అబద్ధమా, దేవుడి దయా?" అని నెత్తి కొట్టుకునేది. అంకె అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

అప్పుడే ఒకరోజు వంటింట్లో, ఆ ముక్కాలిపీట మీద కూర్చుని, పిల్లల్ని ఎప్పుడు కనాలో తెలియట్లేదని అత్తయ్యతో అన్నాను. సర్వే కాదు. నిజంగానే అడిగాను. అత్తయ్య తురుముతున్న కొబ్బరిచిప్ప పక్కన పెట్టింది.

"నాకు కూతురు లేదు. అందుకని నీకు చెప్తున్నా," అంది. విల్‌ఫ్రీదో కాన్పులో ఆమె చావు దాకా పోయి వచ్చింది. ఇంకొకటి అయితే బతకవని డాక్టరు చెప్పాడు. మామయ్యకేమో ఆడపిల్ల కావాలి. పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఇంట్లో చెప్పి, దిలియాని తోడు తీసుకుని బర్రాంకియా పట్నం వెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. "ఆయనకి రాళ్ళనే చెప్పా. ఈనాటికీ రాళ్ళే. నీ నోట్లోనే ఉండనీ."

ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉంది. వేళ్ళకి కొబ్బరిపాల తడి.

ఆ సాయంత్రం నేను హిమేనా దగ్గరికి పరిగెత్తాను. ఆడవాళ్ళు చేయించుకున్నారు, ఇంకో జబ్బు పేరు చెప్పి చేయించుకున్నారు, అందుకే నీ లెక్కలో దొరకలేదు అన్నాను. ఆమె అంకె, నా మాట గిన్నె మీద మూతలా సరిపోయాయి. ఇద్దరం చెరో మామిడి ఐసు కొనుక్కుని వీధిలోనే గంతులేశాం. అత్తయ్యకి ఇచ్చిన మాట ఆ గంతుల్లో ఎక్కడో జారిపోయింది.

జాగ్రత్తలు తీసుకోలేదని కాదు. నా కాగితం మీద పేరు లేదు, పేట లేదు. 'చివరి కాన్పులో చావు దాకా పోయాను, పిత్తాశయంలో రాళ్ళని ఇంట్లో చెప్పాను, నలుగురు కొడుకులు చాలనుకున్నాను' అని ఒక్క వాక్యం, అంతే. హిమేనా పటం మీదా పేర్లు లేవు. ఏదో జబ్బుకని ఊరు దాటి వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఏ పేటలో ఉన్నారో చుక్కలు మాత్రం ఉన్నాయి. రెండూ పక్కపక్కన గోడకి అంటించాం. చూడ్డానికి వెలితిగా అనిపించింది. నా దగ్గర ఎర్ర ఊలు ఉంటే, మాట దగ్గర్నుంచి చుక్క దాకా దారం కట్టి గుండుసూదులు గుచ్చాను. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను కూడా.

ఉప్పుమడుల పేటలో ఉన్నది ఒకే ఒక్క చుక్క.

హాలంతా ఆ దారం వెంట చూపు నడిపించింది. చుక్క దగ్గర ఆగింది. అక్కడి నుంచి రెండో వరసలో విసనకర్ర ఆడిస్తున్న నలుగురు కొడుకుల తల్లి దగ్గరికి వచ్చింది. విసనకర్ర ఆగింది. వెనక ఎవరో మగగొంతు పకపకా నవ్వింది.

ఆ వాక్యం చదివిన మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

*

"తిను," అన్నాడు విల్‌ఫ్రీదో. "నీకోసం మాడు తీసి ఉంచా."

కొబ్బరన్నం గిన్నె అడుగున అంటుకున్న కరకరలాడే మాడంటే నాకు ప్రాణం. పెళ్ళైన మర్నాడు అది కనిపెట్టాడు. అప్పటి నుంచి రోజూ అన్నల దగ్గర్నుంచి కూడా దాచి నాకు పెడతాడు.

"నా మీద కోపం లేదా?"

"ఉంది. మాడు వేరే సంగతి."

మామిడిచెట్టు నీడలో కూర్చున్నాం. నేను తినసాగాను. అంత రుచిగా ఉన్నందుకు ఏడుపొచ్చింది. అతను చుట్టిన తీగే మళ్ళీ విప్పి చుడుతున్నాడు.

"ఒకటి అడుగుతా," అన్నాడు. "నా కాన్పులో అమ్మ చచ్చిపోబోయిందని నీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన నెల."

"పోయిన నెల నుంచి పక్కనే పడుకుంటున్నావు. నాకు చెప్పలేదు."

"అత్తయ్య ఎవరికీ చెప్పొద్దంది, విల్."

అతను తీగ చుట్టడం ఆపి నావైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క సరిపోయిందా అని చూసే హిమేనాలా చూశాడు.

"అందుకని నాకు చెప్పలేదు," అన్నాడు. "ఊరికి చెప్పావు."

మాడు ముక్క నా నోట్లోనే మెత్తబడిపోయింది.

"అందరూ నన్ను ఇంటి చివరి పండు అని ముద్దుచేశారు," అన్నాడు. "నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని, నీ వెనకాల చెల్లి వస్తోందిరా అనేవాడు. చెల్లిని రాకుండా చేసింది నేనేనని హాల్లో మైకులో విన్నాను. అదీ నా పెళ్ళాం గొంతులో."

"నువ్వు చేయలేదు! పసిగుడ్డువి, నువ్వేం చేస్తావు?"

"ఆ ముక్క గోడకి అంటించాల్సింది," అని లేచి వెళ్ళిపోయాడు.

*

హిమేనా మధ్యాహ్నం ఎండలో వచ్చింది. నెత్తిన గొడుగంత టోపీ, ముక్కు చివర ఎండకి ఊడుతున్న తోలు, చేతిలో కేకు డబ్బా. అత్తయ్య ఆమెకి ఊగుడుకుర్చీ వేసింది. ఐసు నీళ్ళిచ్చింది. బొగొతాలో చలి ఎలా ఉందని అడిగింది. నాతో లేని మాటలన్నీ ఆమెతో ఉన్నాయి.

"నీన్యా ఒబ్దూలియా," అంది హిమేనా. ఇక్కడ పెద్దావిడల్ని గౌరవంగా అలా పిలవాలని నేనే నేర్పాను. "క్షమించమని అడగడానికి వచ్చాను. ఆ కాగితాలు తీసేశాం. రిపోర్టులో ఆ వాక్యం ఉండదు."

"మంచిదమ్మా. కేకు నారింజదా?"

"అవునండీ."

"నాకు నారింజ పడదు. పిత్తాశయం," అంది అత్తయ్య, మొహంలో ఒక్క గీత కదలకుండా. డబ్బా అందుకుని లోపలికి వెళ్ళిపోయింది.

హిమేనా నన్ను వరండా చివరికి లాక్కెళ్ళింది. "ఇదంతా నీ వాక్యం వల్ల వచ్చింది. నా పటం చూసి ఎవరైనా ఒక్క మనిషిని పట్టుకోగలరా చెప్పు!"

"నా వాక్యం చూసి మాత్రం పట్టుకోగలరా? ఈ ఊళ్ళో నలుగురు కొడుకులున్న ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి."

"మరి రాళ్ళు?"

"రాళ్ళు కూడా ఉన్నాయి! ఇక్కడ తినే వేపుళ్ళకి సగం ఊరికి రాళ్ళే."

"అయితే తప్పు ఎవరిది?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె పటాన్ని పదిసార్లు సరిచూసింది. నా వాక్యాన్ని నేను పదిసార్లు సరిచూశాను. రెండూ పక్కన పెట్టి, హాల్లో కూర్చున్న దిలియా కళ్ళతో ఒక్కసారీ చూడలేదు. ఏడాది పొడుగునా మేం గొప్పగా చెప్పుకున్నదంతా ఆ కలపడం గురించే. విడివిడిగా దొరకనిది కలిపితే దొరుకుతుందని. దొరికింది. మనిషే దొరికిపోయింది.

"ఇంకొకటి అడగాలి," హిమేనా గొంతు తగ్గించింది. "ఆవిడ ఒప్పుకునే చెప్పింది కదా? రాయొచ్చని అడిగావు కదా, మరె?"

కోళ్ళు గింజలు పొడుస్తున్న చప్పుడు విన్నాను.

"మరె?"

"నేను కోడలిగా ఉల్లిపాయలు తరుగుతున్నాను అప్పుడు," అన్నాను.

హిమేనా టోపీ తీసి గుండెకి ఆనించుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

*

మామయ్యకి అన్నం పట్టుకెళ్ళే పని నాకు పడింది. ఎవరూ పురమాయించలేదు. మూత పెట్టిన గిన్నె బల్ల మీద ఉంది, మిగతావాళ్ళందరూ ఎటో వెళ్ళిపోయారు.

షెడ్డులో మామయ్య ఊయల అంచున కూర్చుని స్పీకరు ఒకటి విప్పదీసి తుడుస్తున్నారు. పక్కన ఆ సీసా ఉంది, రమ్ములో చేదుబెరడు నానబెట్టింది. పిల్లలు పుట్టడానికి మంచిదని ఎవరో చెబితే మొదలుపెట్టి మానలేదు. పొద్దున్నే ఒక గుక్క, మొహం చిట్లించి, కార్మెన్ మాత పటానికి దండం పెట్టుకుని. పెళ్ళైన కొత్తలో అదేదో దగ్గుమందు అనుకున్నాను. విల్‌ఫ్రీదో అసలు సంగతి చెప్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇప్పుడా సీసా వైపు చూడలేకపోయాను.

బయట సైకిళ్ళ మీద పోతున్న ఎవరో మామయ్యని కేకేశారు: "దోన్ అరిస్తీదెస్! రాళ్ళు దొరికాయా?"

మామయ్య తుడవడం ఆపలేదు.

"కూర్చో, అమ్మాయ్."

తలకిందులుగా ఉన్న బకెట్టు మీద కూర్చున్నాను.

"నువ్వు చదువుకున్నదానివి. నాకా గోడ మీది కాగితాలు అర్థం కాలేదు," అన్నారు. "ఊరికి అర్థమైందట. నాకు కాలేదు. కాబట్టి నిన్ను అడుగుతున్నా. ఆ రాళ్ళ మాట చెప్పింది మా ఆవిడేనా?"

"మామయ్యా, చెప్పినవాళ్ళ పేరు మేం చెప్పకూడదు."

"పేరొద్దు. కాదు అను చాలు."

"కాదని కూడా చెప్పకూడదు. మా నియమం అది."

"నియమం!" స్పీకరు ఒళ్ళో పెట్టుకుని నావైపు చూశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేకనో, సీసా వల్లనో తెలియలేదు. "హాల్లో మైకు పట్టుకున్నప్పుడు ఈ నియమం ఎక్కడుంది తల్లీ?"

నేను తెచ్చిన గిన్నె మూత సర్దాను.

"నేను నిన్ను ఏడిపించడానికి అడగట్లేదు," అన్నారు మెల్లగా. "నువ్వొక్క ముక్క కాదను. నేను నమ్ముతా. నమ్మి ఆ టార్పాలిన్ తీస్తా. పికో పెట్టి వీధిలోకి వెళ్ళి, మా కోడల్నే అడిగాను, మా ఇంటి సంగతి కాదంట అని చెప్తా. ఊరు నోరు మూసుకుంటుంది. నా ఊయల ఇంట్లోకి తీసుకుపోతా. అంతా మామూలే. ఒక్క ముక్క, మరె."

ఒక్క ముక్కతో ఇల్లు నిలబడుతుందనిపించింది. నియమం ఎటూ తప్పాను. ఇంకొక్కసారి తప్పితే, ఈసారి మంచికే కదా అనుకున్నాను. వంటింట్లో నా పీట, అత్తయ్య తడిచెయ్యి, పొద్దున్నే గజ్జెల్లా మోగే గిన్నెలు అన్నీ గుర్తొచ్చి నోరూరించాయి.

"కాదు మామయ్యా," అన్నాను. "అత్తయ్య కాదు. వేరే ఎవరో."

మామయ్య కళ్ళు మూసుకుని ఊపిరి వదిలారు.

"నా పేరు మీద అబద్ధమాడమని నిన్ను ఎవరు అడిగారు?"

అత్తయ్య షెడ్డు తలుపులో నిలబడి ఉంది. చేతిలో మామయ్య మంచినీళ్ళ గ్లాసు. నేను తేవడం మర్చిపోయిన గ్లాసు.

"అత్తయ్యా, ఇంట్లో అందరూ బాగుండాలని..."

"మొన్న నేను చెప్పిన మాట తీసుకెళ్ళి ఊరికి ఇచ్చావు. ఇవాళ నేను చెప్పని మాట తెచ్చి ఈయనకి ఇస్తున్నావు. నా నోరు నీకెవరు రాసిచ్చారు?" అని గ్లాసు పికో మీద పెట్టింది. మామయ్య వైపు తిరిగింది. "నువ్వు కూడానూ. పక్కనున్నది నేనైతే కోడల్ని అడుగుతావేం? నన్నడుగు. ఇన్నేళ్ళలో కార్మెన్ మాతని అడిగావు, బెరళ్ళమ్మేవాణ్ణి అడిగావు. నన్నొక్కసారి అడిగావా?"

మామయ్య చేతిలోని గుడ్డ మడతపెట్టారు.

"సరే, అడక్కపోయినా చెప్తా. నేనే. రాళ్ళు లేవు. నేనే చేయించుకున్నా. బతకాలనిపించింది, చేయించుకున్నా. ఇప్పుడేం చేస్తావో చేయి."

ఉప్పుమడుల మీంచి వచ్చే గాలికి టార్పాలిన్ ఒక మూల టపటపా కొట్టుకుంది. నేను బకెట్టు మీద బొమ్మలా కూర్చున్నాను. లేచి వెళ్ళాలని తెలిసీ లేవలేదు.

"నాకు తెలుసు," అన్నారు మామయ్య.

"ఏం తెలుసు?"

"మా అన్నకి పిత్తాశయం కోశారు. కట్టు మార్చింది నేనే. గాటు ఇక్కడుంటుంది," అని తన పక్కటెముకల కింద వేలు పెట్టి చూపించారు. "నీ గాటు ఎక్కడుందో నేను చూడలేదనుకున్నావా, ఒబ్దూలియా? చీకట్లో చేతికి తగలదా?"

అత్తయ్య మొహంలోంచి రంగు దిగిపోయింది. తలుపు చెక్క పట్టుకుంది.

"మరి ఆ సీసా?"

"సీసా నా చేతిలో ఉన్నంతకాలం లోపం నాదేననుకుంది ఊరు. నిన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. అనుకోనీలే అనుకున్నా." మామయ్య గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "నువ్వే చెప్తావని చూశా. ఇవాళ కాకపోతే రేపు. ఇన్నేళ్ళు చూశా. నువ్వు మొన్న మొన్న ఇంటికొచ్చిన పిల్లకి చెప్పావు. నాకు మాత్రం బడి హాల్లో, ప్లాస్టిక్ కుర్చీలో, నలుగురితో పాటు చెప్పావు. ఆపరేషన్‌కి కాదు నేను ఊయల ఇక్కడ కట్టుకుంది."

"మరి ఈ పిల్లని కాదనమని ఎందుకు బతిమాలావు?"

"నాకు నిజం అక్కర్లేదు. నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది. పాత అబద్ధం తిరిగి కావాలి. మనిద్దరం బాగానే ఉన్నాం అందులో."

అప్పుడే నాకు అర్థమైంది, నేను అత్తయ్య మాట ఒక్కటే దొంగిలించలేదని. ఆయన ఇన్నేళ్ళుగా వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తున్నదాన్ని, దారిలోనే నేను అందుకున్నాను. అందుకుని ఐసు తింటూ గంతులేశాను.

అత్తయ్య ఏడుస్తుందనుకున్నాను. ఆయన పక్కన కూర్చుంటుందనుకున్నాను. పిచ్చిదాన్ని, కూర్చోవాలని లోపల మొక్కుకున్నాను కూడా.

"తెలుసా నీకు?" అంది అత్తయ్య. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "తెలిసే ఊరుకున్నావా?"

"నీకు కష్టంగా ఉంటుందని..."

"దీపం ఆర్పితే గాని నీ ముందు బట్టలు మార్చుకోలేదు నేను. వయసులో ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ప్రతి ఏడూ నువ్వు మాత ముందు కొవ్వొత్తి వెలిగించి కూతుర్నివ్వమని అడుగుతుంటే, పక్కన నిలబడి నేను నరకానికి పోతాననుకున్నా. నీ మొహం చిట్లింపు చూడలేక పొద్దున్నే పెరట్లోకి పోయేదాన్ని. ఒక్క మాట, అరిస్తీదెస్. నాకు తెలుసే, భయపడకు అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు చెప్పాలని..."

"నేను భయపడుతుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావు. నా కోసం త్యాగం చేస్తున్నానని మనసులో మెడల్ పెట్టుకుని!"

మామయ్య లేవబోయారు. ఒళ్ళో స్పీకరు కిందపడి దొర్లింది. అది అందుకునేలోపల అత్తయ్య వెళ్ళిపోయింది.

ఇంట్లో బీరువా తలుపు చప్పుడైంది. నేను వాకిట్లోకి వచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకుని, మంచి గౌను బటన్లు పెట్టుకుంటూ మెట్లు దిగుతోంది. చేతిలో గళ్ళ సంచి.

"మరెల్విస్," అంది. ఇన్ని రోజుల తర్వాత నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే. మూకుడుతో కాదు, తిట్టడానికీ కాదు. నా గుండె ఎలా ఎగిరిందో చెప్పుకుంటే సిగ్గుచేటు. "ఇది పట్టుకో. బర్రాంకియా బస్సు వచ్చే వేళైంది. మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. చెరువు మలుపు దాకా నాతో రా."

"ఎన్నాళ్ళకి అత్తయ్యా?"

"ఆ లెక్క నీ స్నేహితురాల్ని అడుగు. పట్టుకో."

పట్టుకున్నాను. బరువుగా ఉంది. రెండు రోజులకి సర్దిన బరువు కాదది.

గేటు దగ్గర విల్‌ఫ్రీదో నిలబడి ఉన్నాడు. భుజాన తీగచుట్ట. షెడ్డులో మాటలు ఎంతవరకు విన్నాడో తెలియదు, మొహం మాత్రం విన్నట్టే ఉంది.

"అమ్మా, లోపలికి పద."

"తప్పుకో నాన్నా."

తప్పుకున్నాడు. తల్లికి అడ్డం నిలబడే కొడుకు కాడు. ఆమె గేటు దాటింది. వెనకే నేను. అప్పుడు అడ్డం వచ్చాడు.

"సంచి కింద పెట్టు, మరె."

"అత్తయ్య అడిగింది విల్."

"విన్నా. పెట్టు. అమ్మని ఇల్లు దాటించేది నువ్వు కాకూడదు. అది కూడా నువ్వే అయితే నేను..."

పూర్తి చేయలేదు. దిలియా తన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెరువు మలుపులో బస్సు హారన్ వినిపించింది. అత్తయ్య వెనక్కి తిరగకుండానే, నడక ఆపకుండానే అడిగింది:

"వస్తున్నావా, లేదా?"

విల్‌ఫ్రీదో చెయ్యి చాచి సంచి రెండో పిడి పట్టుకున్నాడు. నేను నా పిడి వదల్లేదు.